రక్తం కాని ఎరుపు

మా పనిలో రోగి ముఖం అరుదుగా కనిపిస్తుంది. సీసా మీద అంటించిన పేరు, వయసు, వరుస సంఖ్య కనిపిస్తాయి. ముప్పై ఏళ్లకు దగ్గరగా నేను అలాంటి పేర్లు చదువుతూ గడిపాను. జూబ్లీహిల్స్‌లో ఒక ప్రైవేటు ల్యాబులో బయోకెమిస్టుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ యంత్రానికి ఎవరు రిబ్బన్ కత్తిరించారు అన్నవి ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోరు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను కలిసినప్పుడు ఏం చదవాలని అడుగుతారు. పుస్తకాలు నాకంటే వాళ్ల దగ్గరే ఎక్కువున్నాయి. పుస్తకంలో ఉన్న సంగతి తెలిసి కూడా నేను ఎలా తప్పు చేశానో, దానివల్ల ఒక మనిషికి ఏమైందో చెబుతాను. అది దాచి మిగతావి చెబితే మొత్తం అబద్ధమే అవుతుంది.

ల్యాబు

మాది ఫిల్మ్ నగర్ నుంచి కిందికి దిగే వాలులో ఒక రెండంతస్తుల ఇల్లు. ఎవరో సినిమా వాళ్లు కట్టుకుని, అద్దెకిచ్చి, శ్రీనగర్ కాలనీకి మారిపోయారు. వంటగదిలో మూత్ర పరీక్షలు, హాల్లో రక్త పరీక్షలు, మేడ మీద రిపోర్టులు. ఆ రోజుల్లో చుట్టూ బండలు పేల్చి ఇళ్లు కట్టేవారు. ఎక్కడో తుపాకీ మందు పేలినప్పుడల్లా మా త్రాసు ముల్లు వణికేది. అది ఆగేదాకా రసాయనాలు తూచకుండా చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం.

ల్యాబు యజమాని డాక్టర్ వెంకటరత్నం గారు. తెనాలి మనిషి, పెథాలజిస్టు. చేతిరాత బాగాలేకపోతే రిపోర్టు చింపి చేతికిచ్చేవారు. ఎవరినీ మెచ్చుకునేవారు కాదు. డబ్బున్న రోగుల ముందు గొంతు మెత్తబడేది, బోరబండ నుంచి వచ్చినవాళ్ల ముందు గట్టిపడేది. ఇది ఆయన మీద నా ఫిర్యాదు, ఆయన ఉన్నప్పుడే ఆయనతో అన్నాను. కానీ సీసాలో ఉన్నది ఎవరి రక్తమైనా ఆయనకు ఒకటే. అక్కడ మాత్రం ఏ తేడా చూపించగా నేను చూడలేదు.

రెండో మనిషి అంజయ్య, టెక్నీషియన్. బోరబండలో ఉండేవాడు. నేను చేరేనాటికే ఇరవై ఏళ్లుగా సూక్ష్మదర్శినిలో చూస్తున్నవాడు. డిగ్రీ లేదు. నాకు రెండు డిగ్రీలున్నాయి. రిపోర్టు మీద సంతకం నాది. ఈ తేడా వల్లే జరగకూడనిదంతా జరిగింది.

ఇటుకలు కావు, ఇంట్లో మనుషులు

చేరిన కొత్తలో డాక్టరు గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ప్రొటీన్ అంటే నీకేం తెలుసని అడిగారు. అమైనో ఆమ్లాల గొలుసు అని మొదలుపెట్టాను. ఆయన చేయెత్తి ఆపారు. "అవి ఇటుకలమ్మా. ఇటుకల సంగతి నేనడగలేదు. ఇంట్లో ఎవరున్నారు, ఎవరేం పని చేస్తున్నారు, అది చెప్పు."

అప్పటిదాకా నేను అలా ఆలోచించలేదు. మనిషి ఒంట్లో పని జరిగిన ప్రతిచోటా ఒక ప్రొటీన్ ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. నీరు రక్తనాళాల్లోంచి బయటికి కారిపోకుండా పట్టి ఉంచేది అల్బుమిన్. అది తగ్గితే కాళ్లు వాస్తాయి. తిన్న అన్నాన్ని ముక్కలు చేసేవి ఎంజైములు, చక్కెరను కణంలోకి పంపమని కబురు చెప్పేది ఇన్సులిన్, బయటినుంచి వచ్చిన రోగక్రిమిని గుర్తుపట్టి పట్టుకునేవి యాంటీబాడీలు. చర్మం, ఎముక, గోరు నిలబడి ఉన్నాయంటే వాటిలో అల్లుకున్న ప్రొటీన్ పోగులే కారణం. కండరం ముడుచుకుని విచ్చుకుంటోందంటే రెండు రకాల ప్రొటీన్ దారాలు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయన్నమాట.

ఈ గొలుసు ఒక పద్ధతిలో ముడుచుకుంటేనే పని చేస్తుంది. కోడిగుడ్డు తెల్లసొన పెనం మీద పడగానే గట్టిపడుతుంది చూడండి, అందులో ఇటుకలేమీ పోలేదు, మడత మాత్రం చెడింది. మళ్లీ పచ్చిసొన కాదు. అందుకే జ్వరం మరీ హెచ్చితే భయపడతాం, సీసాలు ఎండలో పెట్టొద్దంటాం.

ఇంకొక సంగతి కూడా ఆయన ఆరోజే చెప్పారు. ఒక ప్రొటీన్ మంచిదా చెడ్డదా అని అడగకూడదు, అది ఉండాల్సినచోట ఉందా అని అడగాలి. మా వృత్తి చాలావరకు ఆ ప్రశ్నే. గుండె కండరంలో ఉండాల్సినది రక్తంలో కనిపిస్తే గుండెకు దెబ్బ తగిలిందని అర్థం. రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ మూత్రంలో కనిపిస్తే మూత్రపిండపు జల్లెడ చిరిగిందని అర్థం. నేను ఇదంతా నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాసుకున్న రెండేళ్లకు సాయిలు వచ్చాడు.

సాయిలు

సాఫ్ట్‌వేర్ కంపెనీలు మాదాపూర్ వైపు ఒకటొకటిగా వస్తున్న కాలం. కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలందరికీ ఆరోగ్య పరీక్షలు చేయించాలని ఒక కంపెనీ మాతో ఒప్పందం చేసుకుంది. బస్సు నిండా వచ్చేవారు. మెడలో పట్టీకి వేలాడే కార్డులు, చేతిలో ఫోన్లు, అందరూ పాతికేళ్లలోపువాళ్లు. అందరికీ అన్నీ మామూలుగానే ఉండేవి. అన్నీ మామూలుగా ఉన్న రిపోర్టుల మీద రోజుకు వంద సంతకాలు పెడితే కలం తనంతట తనే నడుస్తుంది. అలవాటులో ఉన్న ప్రమాదం అదే.

మే నెలలో ఒక మధ్యాహ్నం అలాంటి బస్సు వచ్చిన రోజునే సాయిలు వచ్చాడు. ముప్పై రెండేళ్ల మనిషి, బోరబండ. సినిమాల్లో ఫైటరు. మూడు నెలలు షూటింగులు లేక ఇంట్లో కూర్చుని, ఆ ముందురోజే మళ్లీ పనికి వెళ్లాడు. అప్పట్లో హీరో గాల్లోకి లేచే సీను తీయాలంటే తాడు కట్టి అవతలివైపు నుంచి ఏడెనిమిది మంది ఫైటర్లు లాగేవారు. వాళ్లు కిందికి లాగితే హీరో పైకి లేస్తాడు. రేకుల కప్పు కింద వేసిన సెట్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా సాయిలు ఆ తాడు లాగాడు. ఎన్నిసార్లని అడిగితే లెక్క తెలియదన్నాడు. మంచినీళ్లకు వెళితే షాటు ఆగుతుందని నీళ్లు కూడా సరిగా తాగలేదు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆరోజు నేను చూసింది బల్ల మీద ఒక సీసా, ఒక డాక్టరు చీటీ. చీటీలో మూత్ర పరీక్ష మాత్రమే రాసి ఉంది. సీసాలో ఉన్నది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

అంజయ్య ముందు పరీక్ష పట్టీ ముంచాడు. రక్తం గడి క్షణంలో ముదురు ఆకుపచ్చకు తిరిగింది. అంటే మూత్రంలో రక్తం చాలా ఉందని. తర్వాత మూత్రాన్ని యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున చేరింది ఒక చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శినిలో చూశాడు. ఎర్రకణం ఒక్కటి లేదు. నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మేడం, పట్టీ మీద రక్తం గట్టిగనే వచ్చింది. అద్దంల చూస్తే ఒక్క కణం లేదు. గిది ఏందో నాకు సమజయితలేదు. జర మీరు చూడుర్రి."

వెళ్లి చూశాను. అతను చెప్పింది నిజమే. అప్పుడు నాకు తట్టిన మొదటి ఆలోచన, సీసా. మా దగ్గర సీసాలు బ్లీచింగ్ పౌడరుతో కడిగేవారు. ఆ మందు అవశేషం మిగిలితే పట్టీ రక్తం లేకపోయినా రంగు మారుతుంది. ఇది పుస్తకంలో ఉన్న నిజమే. రెండో కారణం కూడా అదే పేజీలో, ఆ కిందే ఉంది. నేను మొదటిదాంతో ఆగిపోయాను. వెనక నలభై రిపోర్టులు ఎదురుచూస్తున్నాయి.

కొత్త సీసాలో మళ్లీ మూత్రం తీసుకోమని చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టేది. అంజయ్య ఆ మాట అన్నాడు కూడా. ఆ మనిషి బయట బెంచీ మీదే కూర్చున్నాడని, రెండు చేతులూ లేవడం లేదంటున్నాడని చెప్పాడు. అక్కర్లేదన్నాను. చీటీలో చేతుల సంగతి లేదు. రిపోర్టులో రంగు దగ్గర ముదురు అని రాశాను. ఎర్రకణాలు లేవని రాశాను. పట్టీ ఫలితం ఉన్న గడిలో, రెండూ పొంతన కుదరాలి కదా అని, రక్తం లేదు అని రాసి సంతకం పెట్టాను.

అంజయ్య మాత్రం తన పుస్తకంలో తాను చూసింది చూసినట్టే రాసుకున్నాడు.

ఫోను

అయిదో రోజు ఒక పెద్ద ఆసుపత్రి నుంచి మూత్రపిండాల డాక్టరు ఫోన్ చేశాడు. సాయిలు అనే రోగి ఒంటికి నీరు చేరి, మూత్రం పూర్తిగా ఆగిపోయి వచ్చాడనీ, డయాలసిస్ మీద ఉన్నాడనీ చెప్పాడు. కండరాల ఎంజైము పరీక్ష చేస్తే యంత్రం కొలవగలిగినదానికంటే ఎక్కువ వచ్చిందట. "మీ రిపోర్టు ఒకటి అతని జేబులో ఉంది. రంగు ముదురు అని రాసి రక్తం లేదని ఎలా రాశారండీ? పట్టీ ముంచలేదా?"

ముంచామని చెప్పాను.

ఇప్పుడు ఆ రెండో కారణం చెబుతాను. కండరంలో మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. హిమోగ్లోబిన్‌కు చెల్లెలి వరస. రక్తం తెచ్చిన ప్రాణవాయువును కండరం లోపల పట్టి ఉంచడం దాని పని. దానిలోనూ ఇనుము ఉంటుంది, అదీ ఎర్రగానే ఉంటుంది. పట్టీ గుర్తుపట్టేది ఆ ఇనుమున్న భాగాన్నే, కాబట్టి ఆ రెండు ప్రొటీన్లకూ దానికి తేడా తెలియదు. అలవాటు లేని కండరాన్ని వేడిలో, నీళ్లు లేకుండా, అదేపనిగా లాగితే కణాలు పగిలిపోతాయి. లోపలున్న మయోగ్లోబిన్ రక్తంలోకి, అక్కడినుంచి మూత్రపిండంలోకి వస్తుంది. కండరంలో ఉన్నంతసేపు మనిషిని నడిపించిన ప్రొటీన్, మూత్రపిండపు సన్నని గొట్టాల్లో చేరి వాటిని మూసేస్తుంది. పట్టీ రక్తం అంటుంది, సూక్ష్మదర్శిని లేదంటుంది. రెండూ నిజమే చెబుతాయి. ఆ రెంటికీ పొంతన లేకపోవడమే జబ్బు పేరు. నేను ఆ పేరును కొట్టేశాను.

మొదట చూసిన డాక్టరు నా రిపోర్టు చూసి, రక్తం లేదు కాబట్టి వడదెబ్బ, ఒళ్లు నొప్పులు అనుకుని నొప్పి ఇంజెక్షన్లు రాశాడు. అప్పటికే దెబ్బతింటున్న మూత్రపిండాలకు ఆ మందు ఇంకా చేటు. మొదటి రోజే సెలైన్ పుష్కలంగా ఎక్కించి ఉంటే చాలావరకు కడిగేసేది.

వెంకటరత్నం గారు అంజయ్య పుస్తకం తెప్పించుకుని, నా రిపోర్టు నకలు పక్కన పెట్టుకుని రెండూ పోల్చి చూశారు. చింపుతారనుకున్నాను. చింపలేదు.

"పట్టీ తప్పు చెప్పలేదమ్మా. నువ్వు దాని నోరు మూశావు."

ఆ పుస్తకాన్ని అక్కడే బీరువాలో పెట్టి ఊరుకునే వీలు ఆయనకుంది. ఎవరూ అడగలేదు. ఆయన కాగితం తీసుకుని, మొదటి రిపోర్టులో పట్టీ ఫలితం తప్పుగా రాశామని, అసలు ఫలితం ఇదని, తప్పు ల్యాబుదేనని, ఆనాటి తేదీ వేసి రాసి ఆసుపత్రికి పంపారు. అంతకుముందు ఆయన మీద నాకున్న ఫిర్యాదులు చెప్పాను కదా, అవి ఈరోజుకీ నిజమే. ఇదీ నిజమే.

తర్వాత నావైపు తిరిగి, వెళ్లి అతనితో చెప్పి రావాలా వద్దా అన్నది నీ ఇష్టం, పంపేవాణ్ని నేను కాదన్నారు.

బెడ్డు పక్కన

రెండు రోజులు వెళ్లలేదు. మూడోరోజు అంజయ్య, తాను సాయిలును చూడటానికి పోతున్నానన్నాడు. ఇద్దరిదీ ఒకే బస్తీ అని నాకు అప్పుడే తెలిసింది. నేనూ వస్తానన్నాను.

సాయిలు మంచం మీద వాచిన ముఖంతో పడుకుని ఉన్నాడు. భార్య అనసూయ పక్కన స్టూలు మీద కూర్చుని అతని చేతివేళ్లు ఒక్కొక్కటే ఒత్తుతోంది. అనసూయ ఒక ప్రొడక్షన్ ఆఫీసులో వంటపనికి వెళ్లేది. నన్ను ఎవరో పెద్ద డాక్టరమ్మ అనుకుని లేచి స్టూలు ఇచ్చింది. నేను కూర్చోలేదు. నా పేరు పద్మజ అని చెప్పి, నేనెవరో చెప్పాను. మీ పరీక్షలో జబ్బు కనిపించిందనీ, నేనే లేదని రాశాననీ, సరిగా రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమోననీ చెప్పాను. ఇంటిదగ్గర రాసి చదువుకున్న మాటలు అవి. అక్కడ నోటి నుంచి ముక్కలుగా వచ్చాయి.

సాయిలు తల నావైపు తిప్పాడు.

"నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవు గదా మేడం. ఎందుకు చెప్తున్నవ్?"

తెలియదన్నాను.

అతను తలూపాడు. తాడు లాగేటప్పుడు చేతులు మంటపుట్టినా ఆగలేదని, ఆగితే రేపటినుంచి పిలవరని భయమని, తప్పు తనది కూడా ఉందన్నట్టు ఏదో అనబోయాడు. అనసూయ అతని మాటకు అడ్డం వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆయన మంచోడు, గట్లనే అంటడు. నేను అనను. మీరు సదువుకున్నోళ్లు. సూడనీకే కూసున్నరు గాడ. సూడలే."

ఆ తర్వాత ఆమె స్టూలు మళ్లీ తన దగ్గరికి లాక్కుని కూర్చుంది. మేం వచ్చేశాం. బస్సులో అంజయ్య కిటికీ వైపు కూర్చున్నాడు. బోరబండలో దిగేటప్పుడు, నేను కూడా గట్టిగ అడగాల్సి ఉండె మేడం అన్నాడు. అతను అడిగాడు. వినాల్సింది నేను.

సాయిలు అయిదు వారాలు డయాలసిస్ మీద ఉన్నాడు. తర్వాత మూత్రపిండాలు మెల్లగా తేరుకున్నాయి. ఈ జబ్బులో చాలామందికి తేరుకుంటాయి. అది అతని అదృష్టం, నా పుణ్యం ఏమీ లేదు. పూర్తిగా మాత్రం కోలుకోలేదు. బరువు పనులు, నొప్పి మాత్రలు జన్మలో ముట్టొద్దన్నారు. ఫైటరు పని పోయింది. ఫైటర్ల సంఘం వాళ్లు అతనికి సెట్లలో తాళ్లూ పరుపులూ చూసుకునే పని ఇచ్చారు.

మార్చుకున్నవి

తప్పు చేసినవాడు మొదట తనను తాను తిట్టుకుంటాడు. అది సులభం, దానివల్ల రోగికి పైసా ఉపయోగం లేదు. మేం కొన్ని పనులు చేశాం. సీసాలు కడగడం మానేసి వాడి పారేసేవి తెప్పించాం. పట్టీ ఒకటి, అద్దం ఒకటి చెబితే రెండూ ఉన్నవి ఉన్నట్టే రాసి, చీటీ రాసిన డాక్టరుకు ఫోన్ చేయాలన్నది నియమం. అలాంటప్పుడు కొద్దిగా రక్తం తీసి నిలబెట్టి చూడమని కూడా చెప్పాను. పైన తేరే నీరు గులాబీ రంగులో ఉంటే హిమోగ్లోబిన్, తేటగా ఉండి మూత్రం మాత్రం నల్లగా ఉంటే మయోగ్లోబిన్ అని అనుమానించవచ్చు. దీనికి యంత్రం కూడా అక్కర్లేదు, వెలుతురు చాలు.

అన్నిటికంటే కష్టమైన మార్పు వేరు. టెక్నీషియన్ ఒప్పుకోని రిపోర్టు మీద నేను ఒక్కదాన్నే సంతకం పెట్టకూడదు. ఇది నేనే అడిగి పెట్టించుకున్నాను. తర్వాత చేరిన చదువుకున్న పిల్లలకు ఇది నచ్చలేదు. డిగ్రీ లేనివాడు మమ్మల్ని ఆపడమేమిటన్నారు. ఇద్దరు మానేశారు కూడా. పోనిచ్చాం.

పొడి డబ్బాలు

కొంతకాలానికి హీరోలందరూ చొక్కా విప్పే రోజులు వచ్చాయి. వాళ్లను చూసి సాఫ్ట్‌వేర్ పిల్లలు జిమ్ముల్లో చేరారు. ల్యాబుకు వచ్చే ప్రశ్నలు మారాయి. ఒక యువ హీరో మేనేజరు ఫిల్మ్ నగర్ నుంచి కారులో పొడి డబ్బా పట్టుకుని వచ్చి, మా బాబు నెలనుంచి ఇది తాగుతున్నారండీ, ఒంట్లో ప్రొటీన్ ఎంత పెరిగిందో చూసి చెప్పండి అన్నాడు.

అలా పెరగదని ఆయనకు చెప్పడానికి చాలాసేపు పట్టింది. కొవ్వును దాచుకోవడానికి ఒంట్లో కొట్టుగది ఉంది. ప్రొటీన్‌కు లేదు. ఉన్న ప్రతి ప్రొటీన్ ఏదో ఒక పనిలో ఉంటుంది. అవసరానికి మించి తింటే శరీరం దాన్ని విడగొట్టి కాల్చేస్తుంది, లేదా కొవ్వుగా మార్చుకుంటుంది. నత్రజనిని మూత్రంలో పంపేస్తుంది. తిండి చాలనప్పుడు మాత్రం కండరాన్నే కరిగించి ముఖ్యమైన పనులకు వాడుకుంటుంది. కండ పెరగాలంటే పని, తిండి, విశ్రాంతి మూడూ కావాలి. మేనేజరు అన్నీ విని, మరి రిపోర్టులో ఎంతో కొంత ఎక్కువ వచ్చేలా చూడండి, బాబు సంతోషిస్తారు అన్నాడు. ఆయన్ను సాగనంపాను. తిండి గురించి నాకు తెలిసిన సలహా ఇది ఒక్కటే. పప్పూ గుడ్డూ తిని, ఎండలో పని చేస్తే నీళ్లు తాగండి.

ఏమీ జరగని కేసు

మీరు ఈ వృత్తిలో బాగా పనిచేస్తే సాధారణంగా ఏమీ జరగదు. దానికి ఒక కేసు చెబుతాను.

శ్రీనగర్ కాలనీ నుంచి ఒక వైశ్య కుటుంబం వచ్చింది. అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దవడలో అడ్డంగా మొలిచిన పన్ను తీయడానికి పూర్తి మత్తు ఇవ్వాలి. రక్తం ఇవ్వడానికి వచ్చినప్పుడు తల్లి మాటల్లో ఒక మాట అంది. తన తమ్ముడికి చిన్నప్పుడు ఏదో ఆపరేషనయ్యాక మెలకువ రాలేదనీ, సాయంత్రం దాకా ఊపిరి యంత్రం మీదే ఉంచారనీ, దేవుడి దయవల్ల లేచాడనీ అంది.

మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలను కాసేపు సడలించే మందు ఒకటి ఇస్తారు. రక్తంలో ఉండే ఒక ఎంజైము, అదీ ప్రొటీనే, ఆ మందును నిమిషాల్లో విరిచేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచేయదు. మామూలు బతుక్కు దానివల్ల ఏ లోటూ లేదు, ఆ మందు పడ్డరోజే తెలుస్తుంది. ఛాతీ కండరాలు గంటల తరబడి కదలవు. మన ప్రాంతంలో కొన్ని వైశ్య కుటుంబాల్లో ఈ లోపం వంశంలో వస్తుందని ఇక్కడి మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఇంకొంచెం ఎక్కువ కనిపిస్తుంది.

చీటీలో ఆ పరీక్ష లేదు. డాక్టరుకు ఫోన్ చేసి రాయించాను. ఫలితం దాదాపు సున్నా వచ్చింది. అప్పటికి మాకు కొత్త యంత్రం ఉంది. సున్నా వచ్చిందంటే రసాయనం పాడైందేమో మేడం, మళ్లీ రక్తం తెప్పిద్దాం అంది కొత్తగా చేరిన అమ్మాయి. సరైన మాటే. ఈసారి నా రక్తం కూడా తీయించి పక్కపక్కనే నడిపించాం. నాది మామూలుగా వచ్చింది, ఆ అమ్మాయిది మళ్లీ దాదాపు సున్నా. మత్తు డాక్టరు మందు మార్చారు. ఆపరేషన్ అరగంటలో అయింది, అమ్మాయి సమయానికి లేచింది. తల్లి తర్వాత ఫోన్ చేసి, ఏమీ కాలేదండీ, అనవసరంగా భయపెట్టారు అంది. సంతోషం అన్నాను.

అనసూయ

సాయిలు సెట్లలో తాళ్లు చూసుకుంటూ ఇంకొక పని మొదలుపెట్టాడు. తాడు లాగేవాళ్లందరినీ మూత్రం ఏ రంగులో వస్తోందని అడిగేవాడు. మొదట నవ్వారట. ఒక ఎండాకాలం అతను ఒక ఫైటరును ఆటోలో ఎక్కించుకుని నేరుగా మా ల్యాబుకు తీసుకొచ్చాడు. పట్టీ, అద్దం, తేటగా ఉన్న రక్తపు నీరు, అన్నీ చూసి గంటలోపే ఆసుపత్రికి పంపాం. అతను నాలుగో రోజున నడిచి ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాతి ఏళ్లలో సాయిలు అలా మరో ఇద్దరిని తెచ్చాడు. వచ్చినప్పుడల్లా నాతో బాగానే మాట్లాడేవాడు. ఆ పాత సంగతి ఇద్దరం ఎత్తలేదు.

అనసూయ ఎప్పుడూ రాలేదు. నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు ఒక్కసారి వచ్చింది. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ ఉంది, దానికి ముందు రక్త పరీక్షలు కావాలి. సాయిలే ఇక్కడికి పొమ్మన్నాడట. నేను మెట్లు దిగుతుంటే కౌంటరు దగ్గర ఆమె గొంతు వినిపించింది. కౌంటరు అమ్మాయిని అడుగుతోంది.

"పరీక్షలు గీడనే చేయుర్రి, మంచిగనే చేస్తరంట. సంతకం మాత్రం ఆ పద్మజ మేడం పెట్టొద్దు. వేరేటోళ్లతోని పెట్టియ్యాలె."

కౌంటరు అమ్మాయి పైకి చూసింది. నేను మెట్ల మీద ఉన్నాను. అనసూయ కూడా చూసింది. చూపు దించుకోలేదు, నేనూ దించుకోలేదు. ఆమె చెప్పినట్టే చేయమని అమ్మాయితో అన్నాను.

రక్తం ఒకే ఒక్క గుచ్చుకు వచ్చింది. పరీక్షలు మామూలుగా జరిగాయి. హిమోగ్లోబిన్ కొంచెం తక్కువుంది, మిగతావన్నీ బాగున్నాయి. నేను ప్రతి అంకె రెండుసార్లు చూశాను. సంతకం గడి ఖాళీగా ఉంచి, అప్పటికి చేతికర్ర పట్టుకుని వారానికి రెండురోజులే వస్తున్న డాక్టరు వెంకటరత్నం గారి గదికి కాగితం తీసుకెళ్లాను. ఆయన కాగితం మీద భర్త పేరు చూసి, నా ముఖం చూసి, కలం తీసి సంతకం పెట్టారు.